బొగ్గును సూడు

హనుమకొండ,
నవంబరు 18, 2024.

మహిపాల్‌కు,

నీకు ఉత్తరం రాసే రోజు వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. కుక్క గురించి రాస్తున్నాను. కుక్క గురించి మాత్రమే.

అనిల్ పోయిన తర్వాత బొగ్గును వాడి స్నేహితుడు చంద్రమౌళి తీసుకుపోయిన సంగతి నీకు తెలుసు. పోయిన నెల అతనికి పుణెలో ఉద్యోగం వచ్చింది. అక్కడి అద్దె ఇంట్లో కుక్కను ఉంచనివ్వరట. తెచ్చి మా వరండాలో కట్టేసి, "ఇది అనిల్‌ది అమ్మా, బయటివాళ్ళకు ఇయ్యబుద్ధి కాలేదు" అన్నాడు. దీన్ని ఎట్లా చూసుకోవాలని అడిగితే, తను కూడా అన్నీ నీకు ఫోన్ చేసే తెలుసుకునేవాణ్ణని, నువ్వు జైలుకు పోయినప్పటి నుంచి ఏదో తోచినట్టు చేస్తున్నానని చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం.

వాడు ఉన్నన్నాళ్ళు అది మేడ మీద వాడి గదిలోనే ఉండేది. నువ్వూ వాడే చూసుకునేవారు. ఒంటి మీద వెంట్రుక లేని ఆ నల్లటి చర్మం చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఇప్పుడు ముట్టుకోక తప్పడం లేదు.

వీపు మీద, తొడల మీద చిన్న చిన్న కురుపులు లేచాయి. కొన్నింటికి నల్లటి మొనలు ఉన్నాయి. చర్మం పొట్టు లేస్తోంది. కొబ్బరినూనె పట్టిస్తే ఇంకా ఎక్కువయ్యాయి. తెల్లవారుజామున వణుకుతుంది. రొట్టె ముక్క వేస్తే నోట్లో పెట్టుకుని మళ్ళీ కింద పడేస్తుంది. మేడ మీద పక్క వాటాలో అద్దెకుండే స్నేహలత టీచర్ ఫోన్‌లో వెతికి చెప్పింది కానీ ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరుగా ఉంది.

ఏం చేయాలో రాయి. ఉత్తరం స్నేహలత పేరు మీద పంపు. నీకు రాస్తున్నట్టు మావారికి తెలియదు. తెలియనివ్వను.

విజయలక్ష్మి


చర్లపల్లి జైలు,
డిసెంబరు 2, 2024.

అమ్మగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. ముందు బొగ్గు సంగతి రాస్తాను.

కొబ్బరినూనె వెంటనే ఆపండి. దానికి వెంట్రుకలు లేవు కాబట్టి చర్మం ఎండిపోతుందని మనం అనుకుంటాం, కానీ చిక్కటి నూనె పట్టిస్తే చర్మం మీది సన్నటి రంధ్రాలు మూసుకుపోయి కురుపులు లేస్తాయి. వయసులో ఉన్న పిల్లలకు మొటిమలు వచ్చినట్టేనని అనిల్ సార్ చెప్పేవారు. వారానికి ఒకసారి గోరువెచ్చటి నీళ్ళతో, వాసన లేని పసిపిల్లల సబ్బుతో స్నానం చేయించండి. మెత్తటి గుడ్డతో రుద్దాలి, గోళ్ళతో గీరవద్దు. ఆ నల్లటి మొనలను గిల్లవద్దు. ఒళ్ళు ఆరిన తర్వాత పసిపిల్లలకు రాసే లోషన్, అరచేతిలో పల్చగా రాసుకుని అప్పుడు దానికి పూయండి. చర్మం తాగేంత మాత్రమే, మెరిసేంత వద్దు. చంక కింద, కాలి వేళ్ళ మధ్య తడి ఉండనీయవద్దు.

చలికి వణుకుతుంది. ఉన్ని స్వెటర్ నేరుగా వేస్తే గీరుకుంటుంది. లోపల పాత నూలు బనియన్ తొడిగి, దాని మీద స్వెటర్ వేయండి. అనిల్ సార్ తన బనియన్లే వేసేవారు. అల్మారా కింది అరలో నాలుగైదు ఉండాలి.

రొట్టె పడేసేది కోపంతో కాదమ్మా. దానికి దవడ పళ్ళు సగం పుట్టుకతోనే లేవు. ఈ జాతిలో వెంట్రుకలు లేనివాటికి పళ్ళు కూడా తక్కువే ఉంటాయట. అన్నం మెత్తగా పిసికి, ఉడికించిన కోడి ముక్క చిదిమి కలిపి పెట్టండి. ఉప్పు, కారం వద్దు.

ఎండ ఎక్కువగా ఉన్నప్పుడు బయట కట్టవద్దు. పొద్దున, సాయంత్రం కొంచెం తిప్పితే చాలు. కొత్తవాళ్ళ దగ్గరికి తొందరగా రాదు. మీ దగ్గరికి రావడానికి కూడా టైం పడుతుంది. మీరు పిలవకుండా కూర్చుంటే అదే వస్తుంది.

కురుపులు పది పదిహేను రోజుల్లో తగ్గకపోతే పశువుల దవాఖానకు తీసుకుపోండి. నాకు తెలిసింది ఇంతే. ఇది కూడా నాది కాదు, ఆయన నేర్పిందే.

మీరు నాకు ఉత్తరం రాశారు. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

మహిపాల్


హనుమకొండ,
డిసెంబరు 27, 2024.

మహిపాల్‌కు,

నువ్వు చెప్పినట్టు చేశాను. కురుపులు చాలావరకు ఎండిపోయాయి. అన్నం తింటోంది.

అల్మారా తెరిచాను. వాడు పోయినప్పటి నుంచి ఆ గది తాళం తీయలేదు. బనియన్లు నువ్వు చెప్పిన చోటనే ఉన్నాయి. ఒకటి తొడిగితే అది దాన్ని చాలాసేపు వాసన చూసి, మెడ లోపలికి ముడుచుకుని పడుకుంది. నేను కిందికి వచ్చేశాను.

సాయంత్రం వీధిలోకి తీసుకుపోతే గజ్జి కుక్క అంటున్నారు. పక్కింటావిడ తన మనవణ్ణి లోపలికి లాక్కుంది. మా ఇంట్లో పనిచేసే భద్రమ్మ అయితే, "గజ్జి గాదంటే నేను నమ్మ. ఆ గిన్నె నేను తోమ" అన్నది. దాని గిన్నె నేనే తోముతున్నాను.

స్నేహలత ఫోన్‌లో చదివి ఏదో చెప్పబోయింది. మెక్సికో దేశంలో పూర్వం ఈ కుక్కలు చచ్చిపోయినవాళ్ళను ఏరు దాటిస్తాయని నమ్మేవాళ్ళట. ఇక చదవొద్దమ్మా అన్నాను.

ఒకటి అడుగుతాను. దాని ఒళ్ళు ఎందుకంత కాలుతుంది? జ్వరమేమోనని మొన్న భయపడ్డాను. మధ్యాహ్నం నేను దివాన్ మీద ఒరిగి ఉంటే వచ్చి కాళ్ళ దగ్గర పడుకుంది. వేడి నీళ్ళ సంచి పెట్టినట్టు ఉంది. తోసేద్దామనుకున్నాను. లేచేసరికి సాయంత్రమైంది. అనిల్ పోయినప్పటి నుంచి పగలు నాకు కన్ను మూతపడలేదు. ఇది నీకెందుకు రాస్తున్నానో తెలియదు.

మావారు దాన్ని చూడరు. అది వరండాలో ఉంటే వెనక గుమ్మం నుంచి దుకాణానికి పోతారు. తొర్రూరు దగ్గర తోట ఉన్న ఒకాయన, మా దుకాణంలో విత్తనాలు కొంటాడు, కుక్క తనకిమ్మని అడిగాడట. ఇట్లాంటిది ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు, వచ్చినవాళ్ళకు చూపించుకుంటానన్నాడట. ఇచ్చేద్దామని ఆయన అంటున్నారు. సంక్రాంతి పోయాక చూద్దాం అని చెప్పాను. నాకు కూడా ఇచ్చేయడమే మంచిదనిపిస్తోంది. అది ఇంట్లో తిరుగుతుంటే వాడు మేడ దిగి వస్తున్నట్టే ఉంటుంది.

విజయలక్ష్మి


చర్లపల్లి జైలు,
జనవరి 11, 2025.

అమ్మగారికి నమస్కారం.

అది జ్వరం కాదమ్మా. అన్ని కుక్కల ఒంట్లో ఉండే వేడే దానికీ ఉంటుంది. మిగతావాటికి బొచ్చు అడ్డం ఉంటుంది కాబట్టి మన చేతికి తెలియదు. దీనికి అడ్డం ఏమీ లేదు. జ్వరమో కాదో చూడాలంటే ముక్కు ఎండిందా, చిగుళ్ళు ఎర్రబడ్డాయా చూడండి. దిగాలుగా పడి ఉండి తిండి మానేస్తే అప్పుడు అనుమానించాలి.

తోటకు ఇవ్వవద్దని చెప్పే హక్కు నాకు లేదు. కానీ మీరు అడిగారు కాబట్టి తెలిసింది రాస్తాను. తోటలో దాన్ని ఆరుబయట కట్టేస్తారు. మే నెల ఎండకు దాని వీపు బొబ్బలెక్కుతుంది. ముళ్ళకంపలో ఉరికితే ఒళ్ళంతా చీరుకుపోతుంది. దోమలు, ఈగలు దాన్ని వదలవు. అన్నిటికన్నా, అది ఒక మనిషిని పట్టుకుంటే వదలదు. అనిల్ సార్ రెండు రోజులు ఊరికి పోతే గిన్నె ముట్టేది కాదు. చంద్రమౌళి సార్ దగ్గర కొన్ని నెలలు పట్టింది. మీ దగ్గర ఇప్పుడిప్పుడే పడుకుంటోంది. మళ్ళీ ఇంకో చేతికి పోతే ఏమవుతుందో నేను చెప్పలేను.

దాన్ని తెచ్చిన రోజు చెబుతాను. బెంగళూరులో పెంచేవాళ్ళ ఇంటికి నేనూ వెంట పోయాను. ఒకే తల్లికి పుట్టిన పిల్లల్లో రెండింటికి నిండా బొచ్చు ఉంది, మిగతావాటికి లేదు. అట్లాగే పుడతాయట. ఇది అన్నిటికన్నా చిన్నది, మూలకు ఒదిగి ఉంది. నుదుటి మీద మూడు ముడతలు, పెద్ద పెద్ద చెవులు, నడినెత్తిన నాలుగు పోచలు. నేను నవ్వాను. అనిల్ సార్ దాన్ని చొక్కా లోపల పెట్టుకుని, "ఇది మనకు దొరికిన బొగ్గురా, చలికాలం కాగొచ్చు" అన్నారు. అట్లా ఆ పేరు పడింది. దారి పొడుగునా చొక్కా లోపలే ఉంది. అనంతపురం దాటేదాకా ఆయన కాళ్ళు కూడా కదపలేదు.

ఆయన దాన్ని మీకు చూపించాలని చాలా అనుకునేవారు. "అమ్మ ఒక్కసారి ముట్టుకుంటే చాలు" అనేవారు. ఈ మాట రాయొచ్చో లేదో అని రెండు రోజులు ఆగాను.

మా అమ్మ పూలమ్మ మొన్న ములాఖాత్‌కు వచ్చింది. మీరు ఉత్తరం రాశారని చెబితే నమ్మలేదు. చూపించాను. చదువు రాదు కాబట్టి కాగితం మీద చెయ్యి పెట్టి చూసింది.

మహిపాల్


హనుమకొండ,
మార్చి 9, 2025.

మహిపాల్‌కు,

కుక్క చావుదాకా పోయి వచ్చింది. ముందే చెబుతున్నాను, బతికింది. లేకపోతే ఉత్తరం చివరిదాకా నీకు ఊపిరాడదు.

నీ ఉత్తరం చదివిన తర్వాత తొర్రూరు మాట నేనే ఆపేశాను. ఇవ్వనని ఆయనతో అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. అట్లాగే నెల గడిచింది. పోయిన ఆదివారం పొద్దున ఆయన వరండాలో పేపర్ చదువుతుంటే బొగ్గు వచ్చి కాస్త దూరంలో కూర్చుంది. ఆయన లేచి పోలేదు. నేను వంటింట్లో నుంచి చూస్తున్నాను. చాలాసేపు చూసి, చెవి వెనక గోమారి పట్టింది చూశావా అని నన్ను పిలిచారు. ఆయన దాని గురించి మాట్లాడిన మొదటి మాట అది. నేను పీకి పారేశాను. ఇంకా నాలుగైదు ఉన్నాయి.

మరునాడు దుకాణం నుంచి పురుగుమందు పొడి తెచ్చి, నాకు చెప్పకుండా దాని గోనెపట్టా మీద చల్లారు. పాత రోజుల్లో వాళ్ళింట్లో గొడ్లకు చల్లేవాళ్ళట. మేలు చేద్దామనుకున్నారు. బొచ్చున్న పశువు వేరు, ఒట్టి చర్మం వేరు అని ఆయనకు తట్టలేదు. నాకు తెలిస్తే నేనైనా వద్దనేదాన్నో లేదో. అది పొద్దటి నుంచి ఆ పట్టా మీదనే పడుకుంది.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చేసరికి దాని నోటి నుంచి చొంగ తీగలుగా కారుతోంది. కాళ్ళు కొట్టుకుంటున్నాయి. నాకేం అర్థం కాలేదు. ఆయన వంగి దాని కళ్ళు చూశారు. నల్లగుడ్డు ఆవగింజంత అయిపోయింది. మందు కొట్టి పడిపోయిన రైతులను ఆయన ఎంతమందిని చూశారో. "విజయా, సబ్బు, నీళ్ళు. జల్ది. ఇది నా మందే" అన్నారు.

ఆయన చేతులతోనే కడిగారు. చొక్కా విప్పి, పంచె తడిసిపోయి, ఆ ముడతల మధ్య వేళ్ళు పెట్టి కడిగారు. ఆటోలో ఒళ్ళో పెట్టుకున్నారు. పశువుల దవాఖానలో డాక్టర్ చర్మం చూసి గజ్జి గురించి అడగబోతే, ఆయన మందు పేరు చెప్పి, విరుగుడు సూది వేయమని బతిమాలారు. డాక్టర్ మంచివాడు, వెంటనే వేశాడు. సాయంత్రం దాకా వేస్తూనే ఉన్నారు. కళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన ఒకటే మాట అన్నారు. "వాని పాణమని ఇదొక్కటి మిగిలింది. దాన్ని కూడ నేనే సంపుతుంటి." అనిల్ పోయిన రోజు కూడా నేను ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడలేదు.

ఇప్పుడు అది ఆయన మంచం పక్కన ఉంటోంది. ఇంకా ఏం జాగ్రత్తలు తీసుకోవాలో రాయి. ఆయనకు ఉత్తరాల సంగతి చెప్పేశాను. నీ ఉత్తరాలు ఎక్కడున్నాయో అడిగి, తీసుకుని, లోపల కూర్చుని చదివారు.

విజయలక్ష్మి


చర్లపల్లి జైలు,
మార్చి 25, 2025.

అమ్మగారికి, సార్‌కు నమస్కారం.

బతికిందని ముందే రాసినందుకు మీకు దండం.

తప్పు నాది కూడా. మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. దాని చర్మం ఏది తగిలినా తాగేస్తుంది. ఫినాయిల్‌తో కడిగిన నేల తడి ఆరకముందు పడుకోనీయవద్దు. దోమల మందు కొట్టిన గదిలో ఉంచవద్దు. ఆ పట్టా పారేసి ఉంటారు. గోమార్లను చేతితో ఏరడమే మేలు. వెంట్రుకలు లేవు కాబట్టి వెంటనే కనిపిస్తాయి, రోజూ ఒకసారి చెవుల వెనక, వేళ్ళ మధ్య తడిమి చూస్తే చాలు. అంతకు మించి ఏ మందైనా డాక్టర్ ఇస్తేనే వాడండి. కొన్నాళ్ళు నీరసంగా ఉంటుంది. గంజి పట్టించండి.

సార్ ఫికర్ పెట్టుకోవద్దని చెప్పండి. అనిల్ సార్ కూడా మొదట్లో ఒకసారి దాన్ని మేడ మీద ఎండలో మరిచిపోయి, వీపంతా పొట్టు లేచేదాకా చూడలేదు. రాత్రంతా తడి గుడ్డలు వేస్తూ కూర్చున్నారు. మీకు చెప్పవద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు.

మహిపాల్


హనుమకొండ,
ఏప్రిల్ 14, 2025.

మహిపాల్‌కు,

బొగ్గు బాగుంది. మామూలుగా తింటోంది. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. ఈ ఉత్తరం దాని గురించి కాదు.

నీ ఉత్తరాల్లో అనిల్ మాటలు ఉంటాయి. ఒక్కొక్క ఉత్తరానికి రెండో మూడో. వాటి కోసమే నేను కురుపుల గురించి, స్నానం గురించి అడుగుతున్నానని నాకు ఈ మధ్యనే అర్థమైంది. నీకు ముందే అర్థమై ఉంటుంది.

ఆ రోజు సాయంత్రం నా కొడుకుతో ఉన్నది నువ్వు ఒక్కడివే. కోర్టులో నేను అన్ని వాయిదాలకూ వచ్చాను. జడ్జి స్పీడ్ ఎంత అని అడిగితే చెప్పావు. వాన పడుతుందా అంటే పడుతుందన్నావు. ఆగి ఉన్న ట్రాక్టర్‌కు లైట్లు లేకపోయినా నేను మెల్లగా పోతే తగిలేది కాదని నువ్వే ఒప్పుకున్నావు. అప్పీలు కూడా చేసుకోలేదు. అదంతా నేను విన్నాను. నాకు కావలసింది మాత్రం ఎవరూ అడగలేదు.

వాడు వెంటనే పోయాడా? పోకపోతే ఏమన్నాడు? అమ్మా అన్నాడా?

పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ కొంతసేపు ప్రాణం ఉండి ఉంటుందన్నాడు. ఆ కొంతసేపు నేను ప్రతిరోజూ చూస్తున్నాను. నాకు తోచినట్టు చూస్తున్నాను. ఏం జరిగిందో తెలిస్తే అదొక్కటే చూస్తాను.

విజయలక్ష్మి


చర్లపల్లి జైలు,
మే 20, 2025.

అమ్మా,

చాలాసార్లు రాసి చింపేశాను. అందుకే ఆలస్యమైంది.

పెంబర్తి దాటిన తర్వాత తగిలింది. హైదరాబాద్‌లో విత్తనాల కంపెనీ మీటింగ్ అయిపోయి వస్తున్నాం. బొగ్గును కూడా అక్కడి డాక్టర్‌కు చూపిద్దామని వెంట తెచ్చాం, అది వెనక సీట్లో ఉంది. వాన కురుస్తోంది, మసక చీకటి. ట్రాక్టర్ ట్రాలీ కనిపించేసరికి బ్రేక్ పట్టలేదు. ఎడమ పక్క మొత్తం లోపలికి పోయింది. నా వైపు తలుపు తెరుచుకుంది. నాకు చెయ్యి ఒక్కటే విరిగింది.

ఆయన వెంటనే పోలేదమ్మా. మాట్లాడాడు. నడుం కింద ఇరుక్కుపోయింది. నేను ఆయనను అన్నా అనే పిలిచేవాణ్ణి, మీ ముందు మాత్రమే సార్ అనేవాణ్ణి. "అన్నా, అన్నా" అని లాగబోయాను. లాగొద్దన్నాడు. 108కు ఫోన్ చేశాను. వస్తున్నామన్నారు.

అప్పుడు వెనక్కి చూడమన్నాడు. వెనక అద్దం పగిలిపోయి ఉంది. బొగ్గు లేదు.

"బొగ్గును సూడు" అన్నడు.

నేను, "నిన్ను ఇడిసి ఎట్ల పోత అన్నా, నేను పోను" అన్న.

"నాకేం గాలే. పోరా. అంత గాజు పెంకులే ఉన్నయి. దాని ఒంటి మీద నూలు పోగంత అడ్డం లేదు. బెదిరి రోడ్డు మీదికి ఉరుకుతది. జర పో."

పోయాను. అది రోడ్డు పక్క కాలువలో, తుమ్మ చెట్టు కింద ముడుచుకుని ఉంది. పిలిస్తే రాలేదు. దిగి పట్టుకునేసరికి చెయ్యి కొరికింది. చొక్కా విప్పి చుట్టుకుని, ఒక్క చేత్తో ఎత్తుకుని పైకి వచ్చాను. నేను వచ్చేసరికి ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. కానీ లేడు.

ఆయన పోయేటప్పుడు పక్కన ఎవరూ లేరమ్మా. నేను లేను. ఇదే మీకు చెప్పలేకపోయింది. స్పీడ్ సంగతి జడ్జికి చెప్పడం దీని ముందు నాకు లెక్కే కాదు. అక్కడే కూర్చుని చెయ్యి పట్టుకుని ఉండాల్సింది. ఆయన ఎంత పొమ్మన్నా పోవాల్సింది కాదు. లోపలికి వచ్చినప్పటి నుంచి రోజూ అదే అనుకుంటున్నాను.

ఇంకొకటి. అమ్మా అన్నాడా అని అడిగారు. అన్నాడని రాయాలని కాగితం తీశాను. ఒకసారి రాశాను కూడా. మీకు ఆ మాట చాలా అవసరమని తెలుసు. కానీ ఆయన అనలేదు. ఆయన నోటి నుంచి రాని మాట నేను పెడితే, ఇప్పటిదాకా నేను రాసిన ఆయన మాటలన్నీ అబద్ధమైపోతాయి.

ఈ సంగతి తెలిస్తే మీరు బొగ్గును చూడలేరేమోనని ఇన్నాళ్ళు ఆగాను. దానికి ఏమీ తెలియదమ్మా. దాన్ని పంపేయాలనిపిస్తే మా అమ్మ దగ్గరికి, ధర్మసాగర్‌కు పంపండి. ఎట్లా చూసుకోవాలో ఆమెకు నేను చెబుతాను. నేను ఆగస్టులో బయటికి వస్తాను.

మహిపాల్


హనుమకొండ,
జులై 20, 2025.

మహిపాల్,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. వచ్చిన రోజు చదివి మడిచి పెట్టాను. ఆ తర్వాత ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నువ్వు అట్లాగే రాశావు కాబట్టి.

మొదట నీ మీద కోపం వచ్చింది. నువ్వు నడిపినందుకు కాదు, వాణ్ణి విడిచి పోయినందుకు కూడా కాదు. ఒక్క అబద్ధం రాయనందుకు. అమ్మా అన్నాడని రాస్తే నీకేం పోయేది అనుకున్నాను. బొగ్గు మీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. చాలా రోజులు దాన్ని ముట్టుకోలేదు. ఆయనే స్నానం చేయించారు, ఆయనే తినిపించారు. అది వచ్చి నా గది గుమ్మంలో కూర్చునేది. నేను తలుపు వేసుకునేదాన్ని. నా కొడుకు ఆఖరు మాట దీనికి దక్కింది, నాకు దక్కలేదు అనిపించేది. ఒక కుక్కతో వంతులు పోయాను. ఈ వయసులో.

ఆయనకు ఉత్తరం ఇవ్వలేదు, చదివి వినిపించాను. మధ్యలో ఆగిపోతే తీసుకుని మిగతాది ఆయన చదివారు. "నడుం కింద అంత నుజ్జు అయినోనికి తను బతకడని ఎర్కనే. అయినా ఇంకో పాణం గురించి ఆలోచించిండు. గసొంటి కొడుకు నాకు పుట్టిండు. నాకు ఇది సాలు విజయా" అన్నారు. నువ్వు తన చావు చూడకుండా ఉండాలని కూడా పంపి ఉంటాడని ఆయన అనుకుంటున్నారు. నాకు అట్లా అనిపించడం లేదు. వాడికి నిజంగానే కుక్క కోసం భయమేసి ఉంటుంది. చిన్నప్పుడు కూడా అంతే, మోకాలు పగిలి రక్తం కారుతుంటే ముందు సైకిల్‌ను లేపేవాడు.

ఆయనకు చాలు. నాకు చాలదు. ఎప్పటికీ చాలదు. కానీ ఇప్పుడు నాకు కనబడేది ఒక్కటే సాయంత్రం. అందులో వాడు అరవడం లేదు. నొప్పి అనడం లేదు. జర పో అంటున్నాడు. దాన్ని నేను చూడగలుగుతున్నాను.

జూన్ నెలలో ఒకరోజు పెద్ద గాలివాన వచ్చింది. ఆయన దుకాణంలో ఉన్నారు. ఉరుములకు బొగ్గు మంచం కిందికి దూరి గజగజ వణికిపోతోంది. రమ్మంటే రాలేదు. నేను నేల మీద బోర్లా పడుకుని చెయ్యి చాపాను. నువ్వు కాలువలో చాపినట్టు అనుకుంటాను. కొరకలేదు. మెల్లగా పాక్కుంటూ వచ్చి నా మెడ కింద తల పెట్టింది. అదే వేడి. వాడు చొక్కా లోపల పెట్టుకుని అనంతపురం దాకా మోసిన వేడి. అప్పుడు ఏడ్చాను. అంతవరకు ఏడవలేదని కాదు, అట్లా ఏడవలేదు.

పోయిన వారం ఆయనా నేనూ దాన్ని తీసుకుని ధర్మసాగర్ పోయాం. మీ అమ్మ మమ్మల్ని చూసి బెదిరిపోయింది. లేచి గోడకు ఆనుకుని నిలబడింది. నేనే పోయి పక్కన కూర్చున్నాను. ఆమె చివరికి బొగ్గు వీపు మీద చెయ్యి వేసి, "పసిపిల్లకు జరమొచ్చినట్టున్నది బిడ్డా" అన్నది. జ్వరం కాదు, దాని ఒళ్ళే అంతని చెప్పాను. మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు అవే. వచ్చేటప్పుడు నా కొంగు పట్టుకుని, వదలలేక వదిలింది.

నిన్ను క్షమించానని రాయలేను, మహిపాల్. ఆ మాట రాయడానికి కాగితం తీస్తే చెయ్యి ఆడడం లేదు. అది వస్తుందో రాదో నాకు తెలియదు. నువ్వు అడగలేదు కూడా. కానీ వాడి పక్కన నువ్వు లేనందుకు నిన్ను నువ్వు తినేయకు. అక్కడ నేను ఉన్నా నన్ను కూడా పంపేవాడు, నేనూ పోయేదాన్ని. వాడు ఏదైనా అడిగితే ఈ ఇంట్లో ఎవరూ కాదనలేదు, ఆ కుక్కను తెస్తానంటే కూడా.

డ్రైవర్‌గా నిన్ను మళ్ళీ పెట్టుకోలేం. ఆ సీట్లో నిన్ను చూడడం నావల్ల కాదు, ఆయన వల్ల అసలే కాదు. వేరే ఎక్కడైనా పని కావాలంటే ఆయన ఒకరిద్దరితో మాట్లాడతానన్నారు.

బయటికి వచ్చాక ముందు మీ అమ్మ దగ్గరికి పో. తర్వాత ఒకరోజు ఇక్కడికి రా. పగటిపూట రా. గేటు బయట నిలబడి పిలవకు, నేరుగా లోపలికి రా. నిన్ను చూడగానే నేను ఏమంటానో, లేచి లోపలికి పోతానో, నాకే తెలియదు. అయినా వచ్చి కూర్చో. నేను వచ్చేదాకా కూర్చో.

అనిల్ వాళ్ళ అమ్మ,
విజయలక్ష్మి